బేస్ గిటార్ పికప్ మారిస్తే ఏం మారుతుంది, ఏం మారదు

నాలుగో తీగ మీద మూడో ఫ్రెట్ నొక్కి మీటితే వచ్చే జీ నోట్ 49 హెర్ట్జ్. మన ఇళ్ళకి వచ్చే కరెంటు 50 హెర్ట్జ్. ఈ రెండూ ఇంత పక్కపక్కనే ఉండటం వల్ల ఇండియాలో సింగిల్ కాయిల్ పికప్ (తీగ కదలికని కరెంటు సిగ్నల్‌గా మార్చే భాగం, లోపల ఒకే రాగి చుట్ట ఉండే రకం) ఉన్న బేస్ వాయించేవాళ్ళకి ఒక ప్రత్యేకమైన చిరాకు ఉంటుంది. ఆ నోట్ పట్టుకుని అలాగే ఉంచితే వెనకాల కరెంటు వల్ల వచ్చే గుంయ్‌మనే హమ్ దానితో కలిసి సెకనుకి ఒకసారి ఊగినట్టు వినిపిస్తుంది, ట్యూనింగ్ తప్పిందేమో అని ట్యూనర్ చూస్తే అంతా కరెక్ట్‌గానే ఉంటుంది. అమెరికాలో కరెంటు 60 హెర్ట్జ్ కాబట్టి అక్కడ హమ్ బీ ఫ్లాట్‌కీ బీకీ మధ్యలో పడుతుంది, అదీ చిరాకే గానీ ఒక నోట్‌ని ఇలా పట్టుకుని వేలాడదు.

చాలామంది పికప్ మార్చాలి అనే ఆలోచనకి వచ్చేది ఇలాంటి హమ్ భరించలేకే. ఇంకొంతమందికి సౌండ్‌లో దమ్ము లేదనిపిస్తుంది, ఇంకొంతమందికి లావు తీగలు మోగిపోతూ సన్న తీగ వినపడదు, కొంతమందికి అసలు కారణమే ఉండదు, తక్కువ రేటు గిటార్ కాబట్టి లోపల పికప్ కూడా చెత్తదే అయ్యుంటుంది అనే అనుమానం అంతే. పని పరంగా చూస్తే పికప్ మార్చడం పెద్ద విషయమేం కాదు, టంకం వెయ్యడం వచ్చినవాళ్ళకి గంట పని. అసలు చిక్కు ఎక్కడంటే, వినిపిస్తున్న సౌండ్‌లో పికప్ వల్ల వచ్చేది ఎంత, మిగతావాటి వల్ల వచ్చేది ఎంత అనేది విడదీసి చూడకుండా డబ్బులు పెట్టేస్తారు, తర్వాత రోగం ఒకటి మందు ఒకటి అయ్యిందని తెలుస్తుంది. ఆ లెక్క ముందు తేల్చుకుంటే కొనాలా వద్దా అన్నది దానంతట అదే తేలుతుంది.

పికప్ అంటే అయస్కాంతం, దాని చుట్టూ రాగి తీగ చుట్ట, అంతే. అయస్కాంతం పైనున్న స్టీలు తీగని కూడా కాస్త అయస్కాంతంలా మారుస్తుంది, ఆ తీగ ఊగితే కాయిల్‌లోంచి వెళ్ళే ఫీల్డ్ మారుతుంది, ఫీల్డ్ మారితే కాయిల్‌లో వోల్టేజ్ పుడుతుంది. 1831లో ఫారడే కనిపెట్టిన సూత్రమే ఇది, ఇప్పటికీ కొత్తగా చేర్చిందేం లేదు. ఆశ్చర్యం కలిగించేది ఆ రాగి తీగ. మామూలుగా వాడేది 42 గేజ్, దాని మందం 0.063 మిల్లీమీటర్లు, అంటే మన తల వెంట్రుకంత. 10 కిలో ఓమ్స్ చూపించే పికప్‌లో ఇది సుమారు 1,840 మీటర్లు ఉంటుంది, దాదాపు రెండు కిలోమీటర్ల తీగ అరచేతిలో పట్టే డబ్బాలో చుట్టి ఉందన్నమాట. స్క్రూ డ్రైవర్ జారి దాని మీద ఒక్క గీత పడినా ఎక్కడో ఒక చుట్టు తెగుతుంది, పికప్ అక్కడితో అయిపోతుంది.

ఇక్కడే ఓమ్స్ సంగతి చెప్పుకోవాలి, ఎందుకంటే పికప్‌లు కొనేవాళ్ళు ముందు చూసేది ఆ నంబరే. 8 కిలో ఓమ్స్ కంటే 11 కిలో ఓమ్స్ ఉన్నది హాట్‌గా, అంటే గట్టిగా ఉంటుందని అనుకుంటారు. అది సగమే నిజం. 42 గేజ్ బదులు ఇంకా సన్నటి 43 గేజ్ వాడితే అదే 10 కిలో ఓమ్స్ సుమారు 1,400 మీటర్లకే వచ్చేస్తుంది, చుట్లు తగ్గుతాయి, మీటర్‌లో మాత్రం నంబర్ అదే. అయస్కాంతం ఎంత బలమైనదో, పోల్ పీస్‌లు (తీగల కింద పికప్‌లో కనిపించే లోహపు ముక్కలు) ఏ లోహమో ఓమ్స్ అస్సలు చెప్పదు. పైగా రాగి రెసిస్టెన్స్ ఎండకి మారుతుంది, డిగ్రీకి దాదాపు 0.4 శాతం చొప్పున. ఏసీ గదిలో 25 డిగ్రీల దగ్గర 10 కిలో ఓమ్స్ చూపించిన పికప్ మే నెల విజయవాడలో 40 డిగ్రీల గదిలో 10.6 చూపిస్తుంది. సౌండ్ ఏమీ మారదు. ఒకే కంపెనీ, ఒకే తీగ, ఒకే అయస్కాంతం ఉన్న రెండు మోడళ్ళని పోల్చుకోవడానికి ఓమ్స్ పనికొస్తుంది, వేరే వేరే రకాలని పోల్చడానికి పనికిరాదు.

సౌండ్ గురించి ఎక్కువ చెప్పే నంబర్ ఇండక్టెన్స్, హెన్రీల్లో ఉంటుంది, దీన్ని కొన్ని కంపెనీలే ప్రింట్ చేస్తాయి. చుట్లు పెరిగితే ఇండక్టెన్స్ పెరుగుతుంది, లోపల స్టీలు ఉంటే ఇంకా పెరుగుతుంది. తక్కువ రేటు గిటార్లలో చాలావాటికి కింద ఒక సిరామిక్ అయస్కాంతం పట్టీ అతికించి, పైకి స్టీలు ముక్కలు పోల్ పీస్‌లుగా పెడతారు. పాత పద్ధతిలో అయితే ఆల్నికో కడ్డీలే పోల్ పీస్‌లు, అల్యూమినియం నికెల్ కోబాల్ట్ కలిపిన మిశ్రమం కాబట్టి ఆ పేరు. స్టీలు ఉన్న దాంట్లో ఇండక్టెన్స్ ఎక్కువ, పై శబ్దాలు కాస్త ముందే తగ్గిపోతాయి. సిరామిక్ అంటే చెత్త, ఆల్నికో అంటే మంచిది అనే మాట ఇక్కడి నుంచే వచ్చినట్టుంది కానీ అది సరైన తీర్పు కాదు, సిరామిక్‌తో బాగా డిజైన్ చేసిన బేస్ పికప్‌లు చాలా ఉన్నాయి.

ఈ ఇండక్టెన్స్ ఒంటరిగా పని చెయ్యదు, కేబుల్‌తో కలిసి పని చేస్తుంది, చాలామంది పట్టించుకోని విషయం ఇదే. గిటార్ నుంచి ఆంప్‌కి, అంటే ఆంప్లిఫయర్‌కి వెళ్ళే కేబుల్‌కి మీటరుకి సుమారు 100 పికోఫారడ్ కెపాసిటెన్స్ ఉంటుంది. పికప్ ఇండక్టెన్స్, కేబుల్ కెపాసిటెన్స్ కలిసి ఒక ఫ్రీక్వెన్సీ దగ్గర చిన్న గుట్టలా లేస్తాయి, ఆ గుట్ట దాటాక సౌండ్ గబగబా పడిపోతుంది. లెక్క వేసి చూద్దాం: 4 హెన్రీల పికప్, 6 మీటర్ల కేబుల్ అంటే 600 పికోఫారడ్, గుట్ట సుమారు 3,250 హెర్ట్జ్ దగ్గర వస్తుంది. అదే పికప్‌కి 3 మీటర్ల కేబుల్ పెడితే 4,600 దగ్గరికి వెళ్తుంది. అంటే కేబుల్ సగం చేస్తే వచ్చే మార్పు ఇండక్టెన్స్ సగం ఉన్న వేరే పికప్ పెట్టినంత మార్పు, ఆ మేరకి. వేళ్ళు తీగ మీద తగిలే చప్పుడు, స్లాప్‌లో, అంటే బొటనవేలితో తీగని కొట్టి వాయించేటప్పుడు వచ్చే ఆ చురుకుదనం ఉండేది సరిగ్గా ఈ 3 నుంచి 5 వేల హెర్ట్జ్ ప్రాంతంలోనే. సౌండ్ మూసుకుపోయినట్టు ఉందని పికప్ కొనేముందు ఒక మంచి చిన్న కేబుల్ ఎవరి దగ్గరన్నా తీసుకుని పెట్టి వినాలి, అది ఊరికే వచ్చే టెస్ట్. లోపల పాట్‌లు (వాల్యూమ్, టోన్ నాబ్‌ల కింద ఉండే రెసిస్టర్లు) కూడా అంతే, 250కే, అంటే 250 కిలో ఓమ్స్ అని రాసున్న పాట్‌కి 20 శాతం అటూ ఇటూ తేడా మామూలే, అంటే 200 కూడా ఉండొచ్చు, 300 కూడా ఉండొచ్చు, 200 ఉన్నది ఆ గుట్టని నొక్కేస్తుంది.

అయితే వీటన్నిటికంటే పెద్ద విషయం పికప్ ఎక్కడ ఉంది అనేది. తీగ ఒక్క ఫ్రీక్వెన్సీలో ఊగదు, మొత్తం పొడవు ఒకసారి, సగం సగంగా, మూడు ముక్కలుగా, నాలుగు ముక్కలుగా, అన్నీ ఒకేసారి ఊగుతూ ఉంటుంది. బ్రిడ్జ్ (గిటార్ బాడీ మీద తీగలు ఆనే చోటు) నుంచి సరిగ్గా నాలుగో వంతు దూరంలో పికప్ ఉంటే నాలుగు ముక్కలుగా ఊగే భాగం, అంటే ఆ హార్మోనిక్, అక్కడ కదలదు, కాబట్టి ఓపెన్ తీగ మీటినప్పుడు పికప్‌కి అది వినపడదు. ఎంత ఖరీదైన పికప్ పెట్టినా వినపడదు, అక్కడ తీగే కదలట్లేదు కదా. బ్రిడ్జ్ దగ్గరికి వెళ్ళేకొద్దీ తీగ ఊగడం చిన్నదవుతుంది, కింది స్థాయి శబ్దం తగ్గి పై హార్మోనిక్స్ ఎక్కువగా వినిపిస్తాయి, ముక్కుతో పలికినట్టు ఉంటుంది. నెక్ వైపు వెళ్తే దానికి వ్యతిరేకం.

ఫెండర్ కంపెనీ చరిత్ర చూస్తే ఇది బాగా అర్థమవుతుంది. 1951లో వచ్చిన ప్రెసిషన్ బేస్‌కి ఒకే ఒక్క సింగిల్ కాయిల్ పికప్ ఉండేది. 1957లో దాన్ని రెండు ముక్కలు చేశారు, లావు తీగలు రెండిటికీ ఒక ముక్క, సన్న తీగలు రెండిటికీ ఒక ముక్క, అదే ఇప్పుడు అందరూ పీ పికప్ అనేది. ఒక ముక్కలో కాయిల్ ఒకవైపు చుట్టి రెండోదాంట్లో ఇంకోవైపు చుట్టారు, అయస్కాంతాలు కూడా తిరగేశారు. బయటి నుంచి వచ్చే హమ్ రెండు కాయిల్స్‌లోనూ ఎదురెదురుగా పుట్టి కొట్టుకుపోతుంది, తీగ శబ్దం మాత్రం అలాగే ఉంటుంది. 70 ఏళ్ళు కావొస్తున్నా ఈ డిజైన్‌ని తీసేసేంత అవసరం ఎవరికీ రాలేదు, అంత చక్కటి ఆలోచన అది. 1960లో వచ్చిన జాజ్ బేస్‌కి రెండు సింగిల్ కాయిల్స్, ఒకటి మధ్యలో ఒకటి బ్రిడ్జ్ దగ్గర. రెండు వాల్యూమ్‌లూ ఫుల్ పెడితే ఆ రెండూ ఒకదాని హమ్ ఒకటి చంపుకుంటాయి, ఒకటి తగ్గించగానే హమ్ బయటికి వస్తుంది. 1970లలో ఆ బ్రిడ్జ్ పికప్‌ని ఒక సెంటీమీటరు మేర బ్రిడ్జ్ వైపు జరిపారు. పికప్ రకం మార్చకుండా జరపడం ఒక్కదానితోనే సౌండ్ తేడా వచ్చింది, ఇప్పటికీ 60ల స్పేసింగ్ 70ల స్పేసింగ్ అని రెండు వర్గాలు ఉన్నాయి.

ఇంకో పోలిక ఉంది. అమెరికన్ రికార్డ్ కంపెనీ మోటౌన్ రికార్డుల్లో బేస్ వాయించిన జేమ్స్ జేమర్సన్‌ది 1962 ప్రెసిషన్. జాజ్ బేసిస్ట్ జాకో పాస్టోరియస్‌ది 1962 జాజ్ బేస్, ఫ్రెట్స్ తీసేసింది. ఒకే కంపెనీ, ఒకే ఏడాది, రెండిట్లోనూ బ్యాటరీ లేదు. జేమర్సన్ లావైన ఫ్లాట్‌వౌండ్ (పైన నున్నగా ఉండే) తీగలు వేసి వాటిని మార్చకుండా అలాగే ఉంచేవాడు, ఒకే వేలితో మీటేవాడు. జాకో రౌండ్‌వౌండ్ (పైన గరుకుగా ఉండే) తీగలు, బ్రిడ్జ్ పికప్, బ్రిడ్జ్‌కి దగ్గరగా చెయ్యి. ఈ ఇద్దరి సౌండ్ ఒకదానికొకటి ఎంత దూరమో విన్నవాళ్ళకి తెలుసు. ఆ దూరంలో ఎక్కువ భాగం తీగలది, పికప్ ఉన్న చోటుది, చేతులది. తెలుగువాళ్ళలో చాలామంది బేస్ గిటార్‌ని విడిగా గుర్తుపట్టి వినడం మొదలుపెట్టింది ఇళయరాజా పాటల్లోనే, ఆ బేస్ లైన్లు వాయిద్యం లేకుండా నోటితో పాడుకోవచ్చు, అంటే మనకి గుర్తుండిపోయింది నోట్లు నడిచే తీరు, పికప్ బ్రాండ్ కాదు.

అంటే పికప్ మార్చడం దండగ అని కాదు. సరైన కారణం ఉంటే అది చాలా పెద్ద తేడా తెస్తుంది. హమ్ అలాంటి కారణం. కాకపోతే హమ్ అని మనం పిలిచే దాంట్లో రెండు రకాలున్నాయి, వాటిని కలిపేస్తే డబ్బులు పోతాయి. ఒకటి గుంయ్ అని కిందిస్థాయిలో వచ్చేది, ట్రాన్స్‌ఫార్మర్ల నుంచి, అడాప్టర్ల నుంచి, ఆంప్ నుంచే కూడా వచ్చే అయస్కాంత ఫీల్డ్ వల్ల. గిటార్ పట్టుకుని గదిలో నెమ్మదిగా తిరిగితే ఒక దిక్కులో తగ్గి ఒక దిక్కులో పెరుగుతుంది. ఇంకోటి జర్‌ర్ అని సన్నగా వచ్చేది, డిమ్మర్లు, లైట్లు, వైరింగ్ నుంచి. తీగల మీద చెయ్యి పెట్టగానే తగ్గిపోతే అది ఈ రెండో రకం. రెండో రకానికి మందు షీల్డింగ్, గిటార్ లోపలి గుంతల్లో కాపర్ టేప్ అతికించి గ్రౌండ్‌కి కలపడం, కొన్ని వందల రూపాయల పని. మొదటి రకానికి కాపర్ టేప్ ఏమీ చెయ్యలేదు, దానికి హమ్‌ని కొట్టేసే పికప్పే కావాలి.

ఇంకా ముందు చూడాల్సింది ఇంట్లో ప్లగ్. మూడు పిన్నుల ప్లగ్‌ని రెండు పిన్నుల ఎక్స్‌టెన్షన్‌లో పెట్టి ఆంప్ నడిపే ఇళ్ళు, రిహార్సల్ గదులు మన దగ్గర చాలా ఉన్నాయి, సాకెట్‌కి మూడో రంధ్రం ఉన్నా వెనక ఎర్త్ వైరు కలపని బిల్డింగులు కూడా. అక్కడ ఏ పికప్ పెట్టినా గోల తగ్గదు, అది సౌండ్ సమస్య కూడా కాదు, గిటార్ తీగలు ఆంప్ బాడీకి కలిసి ఉంటాయి కాబట్టి షాక్ కొట్టే ప్రమాదం. ముందు ఎలక్ట్రీషియన్‌ని పిలవాలి.

జాజ్ బేస్‌కి నాయిస్‌లెస్ పికప్ పెట్టాలంటే లోపల రెండు పద్ధతులు కనిపిస్తాయి. ఒకటి స్టాక్, ఒక కాయిల్ కింద ఇంకో కాయిల్, కిందది హమ్ మాత్రమే పట్టి పైదాన్ని సరిచేస్తుంది. రెండోది పీ పికప్ ఆలోచననే జాజ్ డబ్బాలో ఇరికించడం, రెండు తీగలకో కాయిల్ చొప్పున పక్కపక్కన. స్టాక్‌లో కింది కాయిల్ తీగని దాదాపు వినదు గానీ తన ఇండక్టెన్స్ కలుపుతుంది, అందుకే కొన్ని స్టాక్‌లు మామూలు సింగిల్ కాయిల్ అంత ఓపెన్‌గా ఉండవు. జాజ్ బేస్ ఆ గాలి ఉన్న సౌండ్ కోసమే కొన్నవాళ్ళకి ఈ తేడా గుచ్చుకుంటుంది, స్టేజి మీద బ్యాండ్‌తో వాయించేవాళ్ళకి అంతగా తెలియదు. రెండో పద్ధతిలో ఇబ్బంది తక్కువ, మధ్య తీగలు రెండూ రెండు కాయిల్స్ కలిసే చోటకి దగ్గర పడతాయి కాబట్టి కొన్ని మోడళ్ళలో అక్కడ బ్యాలెన్స్ చూసుకోవాలి.

సరైన కారణాలు ఇంకా ఉన్నాయి. మల్టీమీటర్ పెడితే ఓపెన్ చూపించే పికప్, అంటే లోపల తీగ తెగింది. ఆంప్ దగ్గరికి వెళ్ళగానే కీచుమనేది, అంటే చుట్లు మైనంలో ముంచలేదు, వదులుగా ఉండి మైక్‌లా పనిచేస్తున్నాయి. తీగల మధ్య దూరానికీ పోల్ పీస్‌ల దూరానికీ పొంతన లేనిది. వీటికి మార్చడం సబబే. ఒక తీగ మాత్రం చిన్నగా వినపడుతోంది, సౌండ్ డల్‌గా ఉంది అంటే మాత్రం ముందు కొత్త తీగలు వెయ్యాలి. విశాఖ, కాకినాడ లాంటి సముద్రం పక్క ఊళ్ళలో ఉప్పు గాలికి తీగలు తొందరగా తుప్పు పట్టి చచ్చిపోతాయి, ఆ చచ్చిన తీగలతో పికప్ మీద తీర్పు చెప్పడం న్యాయం కాదు.

కొనేటప్పుడు ఎక్కువమంది దెబ్బ తినేది సైజు దగ్గర. జాజ్ బేస్‌లో నెక్ వైపు పికప్, బ్రిడ్జ్ వైపు పికప్ చూడటానికి ఒకేలా ఉంటాయి గానీ బ్రిడ్జ్‌ది సుమారు 3 మిల్లీమీటర్లు పొడవెక్కువ. రెండూ ఒకే సైజు ఉన్న గిటార్లు కూడా ఉన్నాయి, కాబట్టి ఉన్నదాన్ని స్కేలుతో కొలవకుండా ఆర్డర్ పెట్టకూడదు. సబ్బుబిళ్ళలా ఉండే సోప్‌బార్ రకాల్లో ఇంకా గందరగోళం, ఈఎంజీ అనే కంపెనీ 35 సైజు అంటే 3.5 అంగుళాలు, 40 అంటే 4 అంగుళాలు, 45 అంటే 4.5, వెడల్పు మూడిటికీ 1.5 అంగుళాలే. ఆ 35 అనే నంబర్ చూసి నాలుగు తీగలదని, 40 చూసి ఐదు తీగలదని కళ్ళు మూసుకుని పెట్టేస్తారు, కొన్ని నాలుగు తీగల బేస్‌లకి పెద్ద గుంతే ఉంటుంది. చిన్న గుంతలోకి పెద్ద పికప్ కావాలంటే చెక్క తొలచాలి, అది ఇక వెనక్కి తీసుకోలేని పని.

ఇప్పుడు పని. ప్రెసిషన్ రకం బేస్ తీసుకుందాం, ఎక్కువమంది దగ్గర ఉండేది అదే. తీగలు వదులు చేసి తీసెయ్యాలి. పిక్‌గార్డ్‌కి (బాడీ మీద బిగించిన ప్లాస్టిక్ పలక) చాలావరకు 13 స్క్రూలు ఉంటాయి, వాటిని ఒక గిన్నెలో వేసి పెట్టుకోవాలి. పీ బేస్‌లో పాట్‌లు, జాక్ అన్నీ ఆ పిక్‌గార్డ్‌కే బిగించి ఉంటాయి, పికప్ రెండు ముక్కలు మాత్రం చెక్కకి. కాబట్టి గార్డ్ ఎత్తగానే వైర్లు లాగకుండా పక్కకి పల్టీ కొట్టించి కింద గుడ్డ పరచాలి. టంకం ఊడదీసే ముందు ఫోన్‌తో నాలుగు వైపుల నుంచి ఫొటోలు తియ్యాలి, ఏ రంగు వైరు ఏ కాలికి ఉందో కనపడేలా, ఎందుకంటే అరగంట తర్వాత అంతా గుర్తుంటుందని అనిపిస్తుంది గానీ ఉండదు. బ్రిడ్జ్ కిందకి వెళ్ళే ఒక వైరు ఉంటుంది, దాన్ని ఊడదీయకూడదు, తీగలకి గ్రౌండ్ అదే.

వేడి వైరు, అంటే సిగ్నల్ వైరు, వాల్యూమ్ పాట్ కాలికి వెళ్తుంది, చిన్న కాలు కాబట్టి రెండు సెకన్లలో అంటుకుంటుంది. కష్టమంతా గ్రౌండ్ వైరుది. దాన్ని పాట్ వీపు మీద, ఆ డబ్బా రేకు మీద అతికించాలి. ఆ రేకు వేడినంతా లాగేస్తుంది, 25 వాట్ల ఐరన్ పెట్టి ఎంతసేపు నొక్కినా టంకం ముద్దలా కూర్చుంటుంది తప్ప పారదు, ఈలోపు లోపల కార్బన్ ట్రాక్ ఉడికిపోతుంది, తర్వాత నాబ్ తిప్పితే కరకరమంటుంది. తక్కువ వేడి ఎక్కువసేపు పెట్టడం కంటే ఎక్కువ వేడి కొద్దిసేపు పెట్టడమే పాట్‌కి మంచిది. 60 వాట్ల ఐరన్, వెడల్పు మూతి, వీపుని ముందు గరుకు కాగితంతో గీకాలి, ఐరన్ పెట్టిన చోట కాదు, ఐరన్‌కి పక్కన రేకు మీద టంకం తగిలించి చూడాలి, అది నీళ్ళలా పారి మెరిసిందా, అప్పుడు వైరు ముంచి ఐరన్ తియ్యాలి, గడ్డకట్టేదాకా వైరు కదలకూడదు. కదిలితే మచ్చగా, బూడిద రంగులో గడ్డకడుతుంది, ఆ జాయింట్ ఇవాళ పనిచేసి కచేరీ రోజు ఊడుతుంది. 63-37 రకం టంకం 183 డిగ్రీల దగ్గర టక్కున గడ్డకడుతుంది కాబట్టి కొత్తవాళ్ళకి అదే సులువు. రోజిన్ ఉన్న టంకమే వాడాలి, ప్లంబింగ్‌కి వాడే యాసిడ్ ఫ్లక్స్ వైర్లని మెల్లగా తినేస్తుంది. ఈ పనంతా అయ్యేదాకా గిటార్ ఆంప్‌కి తగిలించి ఉండకూడదు.

వైర్ల రంగులు నమ్మడానికి లేదు. నాలుగు వైర్ల హంబకర్లలో (హమ్‌ని కొట్టేసే రెండు కాయిల్స్ పికప్‌లు) సీమోర్ డంకన్ కంపెనీవాటికి నలుపు వేడి వైరు, డిమార్జియోకి ఎరుపు వేడి వైరు. రెండిట్లోనూ ఆకుపచ్చ గ్రౌండే. డంకన్‌లో ఎరుపు తెలుపు కలిపి చుట్టి వదిలెయ్యాలి, డిమార్జియోలో నలుపు తెలుపు. నలుపు అంటే గ్రౌండ్ అని ఇంటి ఎలక్ట్రానిక్స్ అలవాటుతో కలిపేస్తే సౌండ్ రాదు. కంపెనీ ఇచ్చిన కాగితం పక్కన పెట్టుకుని చెయ్యడమే.

రెండు పికప్‌లున్న బేస్‌లో ఒకటే మారిస్తే ఇంకో జాగ్రత్త ఉంది, ఫేజ్. కొత్తదీ పాతదీ ఎదురెదురు ఫేజ్‌లో ఉంటే విడివిడిగా బాగానే మోగుతాయి, రెండూ కలిపిన మరుక్షణం కింది స్థాయి శబ్దం మొత్తం మాయమై డబ్బా రేడియోలా అయిపోతుంది. దీన్ని టంకం వెయ్యకముందే పట్టుకోవచ్చు. మల్టీమీటర్‌ని 20 కిలో ఓమ్స్ రేంజ్‌లో పెట్టి ఎర్ర ప్రోబ్ వేడి వైరుకి, నల్ల ప్రోబ్ గ్రౌండ్‌కి తగిలించాలి. స్టీలు స్క్రూ డ్రైవర్‌ని పోల్ పీస్‌ల మీద ఆనించి, నంబర్ నిలబడ్డాక, ఒక్కసారిగా పైకి లాగెయ్యాలి. నంబర్ ఒక క్షణం పైకో కిందకో ఎగిరి మళ్ళీ పాత చోటికి వస్తుంది. రెండో పికప్‌కి కూడా అదే చెయ్యాలి. రెండూ ఒకవైపే ఎగిరితే సరే. ఎదురుగా ఎగిరితే ఒకదాని రెండు వైర్లూ తారుమారు చేసి అతికించాలి, అయితే ఆ పికప్‌కి లోహపు మూత ఉండి అది గ్రౌండ్ వైరుకి కలిసి ఉంటే అలా చెయ్యకూడదు, మూతే సిగ్నల్ అయిపోయి ముట్టుకున్నప్పుడల్లా గోల చేస్తుంది. పీ పికప్ రెండు ముక్కల్లో ఒకదాన్ని తిరగేసి కలిపితే ఇంకో రకం విచిత్రం, నాలుగు తీగలూ మామూలుగానే మోగుతాయి, ఎందుకంటే ఏ తీగా రెండు ముక్కల్లోనూ లేదు, హమ్ మాత్రం కొట్టుకుపోవాల్సింది పోయి రెండింతలవుతుంది. కొత్త పీ పికప్ పెట్టాక హమ్ పెరిగిందంటే ముందు అనుమానించాల్సింది దీన్నే.

బ్యాటరీతో నడిచే యాక్టివ్ పికప్‌ల కథ వేరు. లోపలే చిన్న ఆంప్లిఫయర్ ఉంటుంది కాబట్టి కేబుల్ పొడవు గురించి పైన చెప్పిన లెక్క దాదాపు వర్తించదు. ఈఎంజీ లాంటివాటికి 25కే పాట్‌లు కావాలి, పాత 250కే పాట్‌లకే కలిపితే వాల్యూమ్ నాబ్ స్విచ్‌లా పనిచేస్తుంది, కాస్త తిప్పగానే అంతా ఒక్కసారిగా వస్తుంది. జాక్ కూడా స్టీరియో జాక్ అయ్యుండాలి, కేబుల్ గుచ్చినప్పుడే బ్యాటరీ కలిసేది దాని వల్లే, వాయించాక కేబుల్ తియ్యడం మర్చిపోతే 9 వోల్ట్ బ్యాటరీ ఊరికే అరుగుతూ ఉంటుంది. 1976లో వచ్చిన మ్యూజిక్ మ్యాన్ స్టింగ్‌రే లాంటివాటిలో పికప్ మామూలుదే, ప్రీఆంప్ (గిటార్ లోపలి చిన్న ఆంప్లిఫయర్) యాక్టివ్, అక్కడ పికప్ మార్చేటప్పుడు ప్రీఆంప్ ఇన్‌పుట్‌ని చూసుకోవాలి, ఆ సౌండ్ సగం ప్రీఆంప్‌దే.

అన్నీ అతికించాక తీగలు వెయ్యకముందే కేబుల్ పెట్టి, వాల్యూమ్ చాలా తక్కువ ఉంచి, స్క్రూ డ్రైవర్‌తో పోల్ పీస్‌లని ఒక్కోదాన్ని మెల్లగా తట్టి చూడాలి. ఠక్ ఠక్ అని అన్నిచోట్లా వస్తే సరే. ఒక ముక్క పలక్కపోతే మళ్ళీ 13 స్క్రూలు విప్పాల్సిన బాధ తప్పుతుంది. ఆల్నికో కడ్డీలని మాత్రం వేలితో కిందకి నొక్కకూడదు, పాత పద్ధతి పికప్‌లలో రాగి తీగ నేరుగా వాటి మీదే చుట్టి ఉంటుంది.

చివర్న ఎత్తు, నిజానికి ఇది మొదట చెయ్యాల్సింది. ప్రతి తీగనీ ఆఖరి ఫ్రెట్ దగ్గర నొక్కి పట్టుకుని పోల్ పీస్ పైభాగానికీ తీగకీ మధ్య దూరం కొలవాలి. లావు తీగ వైపు 3 మిల్లీమీటర్లు, సన్న తీగ వైపు 2.5 దగ్గర మొదలుపెట్టి స్క్రూని పావు తిప్పు చొప్పున మార్చుకుంటూ వినాలి. దగ్గరికి వస్తే గట్టిగా, దురుసుగా ఉంటుంది, మరీ దగ్గరికొస్తే అయస్కాంతం తీగని లాగి పై ఫ్రెట్లలో నోట్ వంకరగా, రెండు శ్రుతులు కలిసినట్టు వినిపిస్తుంది. దూరమైతే మెత్తగా, శుభ్రంగా ఉంటుంది, ఆంప్ కాస్త పెంచుకుంటే చాలు. పీ పికప్‌లో రెండు ముక్కల్నీ విడివిడిగా ఎత్తొచ్చు దించొచ్చు, తీగల మధ్య బ్యాలెన్స్ లేదని కొత్త పికప్ కొన్న చాలా సందర్భాల్లో ఈ నాలుగు స్క్రూలతోనే పని అయిపోయేది. కింద ఫోమ్ ముక్క గట్టిపడి పిండైపోతే స్క్రూ వదులు చేసినా పికప్ పైకి లేవదు, అప్పుడు ఫోమ్ మార్చాలి, అంతే.

తేడా నిజంగా వచ్చిందో లేదో చెవికి గుర్తుండదు, ఒక గంట గడిచేసరికి పాత సౌండ్ మనసులో మారిపోయి ఉంటుంది. అందుకని విప్పకముందే ఒకే లైన్‌ని, అదే కేబుల్‌తో, నాబ్‌లన్నీ ఫుల్ పెట్టి, నేరుగా కంప్యూటర్‌కి కలిపే ఆడియో ఇంటర్‌ఫేస్‌లోకి రికార్డ్ చేసి పెట్టుకోవాలి, మార్చాక ఎత్తు సర్దుకున్నాక అదే లైన్ మళ్ళీ రికార్డ్ చేసి, రెండిటి వాల్యూమ్ సమానం చేసి వినాలి. సమానం చెయ్యకపోతే గట్టిగా ఉన్నదే బాగున్నట్టు అనిపిస్తుంది. పాత పికప్‌ని దాని స్క్రూలతో, ఫోమ్‌తో సహా ఒక డబ్బాలో పెట్టి పైన ఓమ్స్, వైరు రంగులు రాసి దాచాలి, రెండు రికార్డింగులూ విన్నాక పాతదే మళ్ళీ పెట్టాలనిపించేవాళ్ళు తక్కువేం కాదు.